పెద్ద గేటు, చిన్న గేటు



పొద్దున్నే ఆరు గంటల వేళ హైదరాబాదులో ఏ పెద్ద అపార్టుమెంటు ముందు నిలబడినా రెండు గేట్లు కనిపిస్తాయి. కార్లు వెళ్లే పెద్ద గేటుకు ఎరుపు తెలుపు పట్టీల అడ్డకర్ర దించి ఉంటుంది. దాని పక్కనే ఒక్క మనిషి పట్టే చిన్న గేటు. ఆ చిన్న గేటు దాటగానే ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద అట్ట ఊడిన రిజిస్టరు, దానికి పురికొసతో కట్టిన పెన్ను. పేజీ నిండా స్కేలుతో కొట్టిన గళ్లు. పేరు, ఏ ఊరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. వచ్చిన టైము గడి ప్రతి వరుసలోనూ నిండి ఉంటుంది. వెళ్లిన టైము గడి చాలా వరుసల్లో ఖాళీ. డ్యూటీ దిగే ముందు సెక్యూరిటీ అతను ఏదో ఒక అంకె వేసి ఆ ఖాళీలు పూడుస్తాడు.

గేటు బయట ఆ వేళకు ఐదారుగురు పోగవుతారు. పాలబ్బాయి, పేపరబ్బాయి రోజూ చూసే ముఖాలు కాబట్టి తల ఊపి వెళ్లిపోతారు. ఇళ్లలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు గేటు దగ్గరున్న ఫోనులో తమ నంబరు కొట్టి లోపలికి నడిచారు. మూడో ఆమె నంబరును ఫోను తీసుకోవడం లేదు. "అన్నా, జర పంపియ్యవా, ఎనిమిదింటికి ఇంకో ఇంట్ల పనుంది" అని బతిమాలుతోంది. ఆమె వెనక గోదావరి జిల్లా నుంచి రాత్రి బస్సులో వచ్చి దిగిన పెద్దాయన. చేతిలో సంచి, కాళ్ల దగ్గర మామిడిపళ్ల పెట్టె. కూతురింటికి వచ్చాడు. ఇంటర్‌కమ్ మోగుతోంది గానీ అటువైపు ఎవరూ ఎత్తడం లేదు. "ఇంకోసారి చేసి చూడు బాబూ, రాత్రి షిఫ్టు చేసి పడుకుంటుంది ఆ పిల్ల" అంటున్నాడు. అంతలో వెనక నుంచి ఒక కారు వచ్చింది. అద్దం మీది స్టిక్కరును యంత్రం చదివింది. అడ్డకర్ర లేచింది. కారు ఆగకుండానే లోపలికి పోయింది. పెద్దాయన పెట్టెను పక్కకు జరుపుకుని దారి ఇచ్చాడు.

ఆ రెండు గేట్ల మధ్య జాగా పది అడుగులు కూడా ఉండదు. అపార్టుమెంటు తగువులు ఎన్నో పుట్టేది అక్కడే. డెలివరీ కుర్రాడు బండి లోపలికి తేవచ్చా, పనిమనిషి ఏ లిఫ్టు ఎక్కాలి, అద్దెకున్న బ్రహ్మచారుల ఫ్లాటుకు రాత్రి పదకొండు దాటాక స్నేహితులు రావచ్చా, మెయింటెనెన్సు బాకీ ఉన్నాయన కారుకు అడ్డకర్ర ఎత్తాలా వద్దా. వాట్సాప్ గ్రూపులో ఒక మాటతో మొదలై, సెల్లారులో కేకల దాకా వెళ్లి, ఒక్కోసారి పోలీస్ స్టేషను గుమ్మం తొక్కే తగువులివి.

గేటు పెట్టుకున్నవాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. పిల్లలు అమెరికాలో ఉండి, డెబ్బై దాటిన దంపతులిద్దరే ఉంటున్న ఫ్లాట్లు కొండాపూర్‌లోనూ ఉన్నాయి, విజయవాడ బెంజి సర్కిల్ పక్కనా ఉన్నాయి. రాత్రి తలుపు తట్టింది ఎవరో తెలియాలని వాళ్లు కోరుకోవడం న్యాయం. కింద ఆడుకునే పిల్లల మధ్యకు బండి జోరుగా రాకూడదని తల్లి కోరుకోవడం అంతకంటే న్యాయం. తెలియని మనిషిని గేటు దగ్గర పేరు అడగడంలో తప్పేమీ లేదు. అడిగే పద్ధతిలోనూ, అడిగేది ఎవరిని, అడగకుండా వదిలేది ఎవరిని అన్న దగ్గరా తేడా వస్తుంది.

హైదరాబాదుకు గేట్లు కొత్త కాదు. పాత నగరం చుట్టూ రాతి ప్రాకారం ఉండేది. ఏనుగులు, సవారీలు పోవడానికి పెద్ద దర్వాజాలు, మామూలు జనం రాకపోకలకు మధ్యమధ్య కిడికీలు. ఆ దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి రెండే, దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా. పెద్ద తలుపులోనో పక్కనో ఉండే చిన్న తలుపును తెలుగులో దిడ్డి అంటారు. నగరం గోడలు కూలి, ఊరు నలుదిక్కులా పాకిన తర్వాత ప్రతి కాలనీ, ప్రతి టవరు మళ్లీ తన దర్వాజా తాను కట్టుకుంది, పక్కన దిడ్డి పెట్టుకుంది.

పాత ఇళ్లకు ఉండి ఈ కొత్త దర్వాజాలకు లేనిది ఒకటుంది. అరుగు. తెలుగు పల్లెల్లో ఇల్లు కట్టినవాడు వాకిలికి అటూ ఇటూ అరుగులు కట్టించేవాడు. ఇంట్లోకి పిలవకపోయినా ఫరవాలేదు, వచ్చినవాడు చూరు నీడన కూర్చుని మంచినీళ్లు తాగేవాడు. ఎదురుచూడక తప్పని మనిషికి ఇంటి కొలతల్లోనే చోటు కేటాయించారు. అయితే ఆ అరుగును తలుచుకుని మురిసిపోయేవాళ్లు రెండో సంగతి మరిచిపోకూడదు. అందరికీ ఆ అరుగు మీద కూర్చునే యోగం లేదు. కొందరు వాకిట్లోనే, ఎండలోనే, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఎవరు అరుగెక్కాలో, ఎవరు వాకిట్లో ఆగిపోవాలో కులం చెప్పేది.

ఆ మాట ఇక్కడ ఎందుకు తేవాలంటే, 2023లో హైదరాబాదులోని ఒక నివాస సముదాయంలో లిఫ్టు పక్కన అతికించిన నోటీసు ఫొటో దేశమంతా తిరిగింది. ఇళ్లలో పనిచేసేవాళ్లు, డెలివరీ బాయ్‌లు మెయిన్ లిఫ్టు వాడితే వెయ్యి రూపాయలు జరిమానా అని అందులో ఉంది. లిఫ్టు రద్దీ, సరుకుల బరువు, శుభ్రత అని సమర్థించినవాళ్లు ఉన్నారు. రద్దీయే బాధ అయితే సామాను మోసేవాళ్లంతా ఫలానా లిఫ్టులో వెళ్లాలని రాయొచ్చు. అప్పుడు పెట్టె మోసే ఇంటి యజమాని కూడా ఆ లిఫ్టే ఎక్కుతాడు. ఈ నోటీసు సామాను మాట ఎత్తలేదు, మనుషుల పని పేరు ఎత్తింది. బోర్డు మీద కులం పేరు ఎక్కడా ఉండదు. కానీ వాకిట్లో నిలబడ్డ మనిషి మనవరాలికి ఆ బోర్డు కొత్తగా అనిపించదు.

ఇక గేటు మీద పెత్తనం ఎవరిది? ఫ్లాటు కొన్నవాళ్ల రిజిస్ట్రేషన్ కాగితం తీసి చూస్తే రెండు అంశాలు కనిపిస్తాయి. నాలుగు గోడల మధ్య ఇన్ని చదరపు అడుగులు, కింద స్థలంలో విడదీయని వాటా ఇన్ని చదరపు గజాలు. మెట్లు, లిఫ్టు, దారి, గేటు ఉమ్మడి సొత్తు. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్టుమెంట్ల చట్టం ఈ ఉమ్మడి భాగాలకు పునాది. మిగతా యజమానుల హక్కులకు అడ్డం పడకుండా ఎవరైనా వాటిని వాడుకోవచ్చన్నది అందులోని సూత్రం. అసోసియేషన్లలో కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, కొన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. 2016లో వచ్చిన రెరా చట్టం ఇంకో ముడి వేసింది. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన తర్వాత, స్థానిక చట్టం వేరే గడువు చెప్పకపోతే, మూడు నెలల్లో కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా చూడాల్సిన బాధ్యత బిల్డరుది. అప్పటిదాకా గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ బిల్డరు పెట్టిన మనిషే. చాలాచోట్ల మొదటి తగువు అక్కడే వస్తుంది. జీతం బిల్డరు ఇస్తుంటే మాట ఎవరిది వినాలి?

అసోసియేషన్‌కు బైలాలు ఉంటాయి. గేటు నియమం రావాలంటే ఆ బైలాల ప్రకారం రావాలి. జనరల్ బాడీలో పెట్టాలి, చర్చ జరగాలి, మినిట్స్ పుస్తకంలో రాయాలి. జరుగుతున్నది వేరు. ఒక ఫ్లాటులో వెండి గ్లాసు కనపడకపోతే రాత్రి పదకొండున్నరకు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి పడుతుంది. పది బొటనవేళ్లు పైకి లేస్తాయి. తెల్లారేసరికి గేటు దగ్గర కొత్త రూలు. ఆ గ్లాసు మర్నాడు వంటింటి గట్టు మీదే దొరికినా రూలు మాత్రం పోదు, ఎందుకంటే దాన్ని ఎవరూ రాయలేదు, రాయనిదాన్ని ఎవరూ కొట్టివేయలేరు.

మెయింటెనెన్సు బాకీల దగ్గర ఈ రాయని రూలు మరీ ముదురుతుంది. బాకీ ఉన్నాయన స్టిక్కరును యంత్రంలోంచి తీసేస్తారు. కారు గేటు ముందు ఆగిపోతుంది. వెనక పది కార్లు హారన్లు కొడుతుంటాయి, వెనక సీట్లో బడి నుంచి వచ్చిన పిల్లలు. నెలనెలా నిజాయితీగా కట్టేవాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గదే. జనరేటరు డీజిలు, లిఫ్టు మరమ్మతు, నీళ్ల ట్యాంకరు, సెక్యూరిటీ జీతాలు ఎవరో ఒకరు కడితేనే కదా నడిచేది. అయినా సొంత ఇంటికి వెళ్లే మనిషికి దారి మూయడానికి అసోసియేషన్‌కు అధికారం లేదు. మనిషికి వెళ్లే హక్కున్న దిక్కుకు వెళ్లనివ్వకుండా అడ్డుకోవడం నేరమని పాత శిక్షాస్మృతిలో 341వ సెక్షను చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 126వ సెక్షను. నెల రోజుల దాకా సాధారణ జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కమిటీ చెప్పిందని అడ్డకర్ర దించింది సెక్యూరిటీ అతను కాబట్టి, కేసు పెడితే ముందు పిలిచేది అతన్నే. బాకీ రాబట్టుకోవడానికి నోటీసు ఉంది, కోర్టు ఉంది. అడ్డకర్రను వసూలు ఏజెంటుగా వాడితే నెలకు తొమ్మిది వేల జీతగాడు స్టేషనులో నిలబడాల్సి రావచ్చు.

రిజిస్టరుకు తోడు యాప్‌లు వచ్చాయి. బెంగళూరులో 2016లో మొదలైన మైగేట్, తర్వాత నోబ్రోకర్‌హుడ్ లాంటివి తెలుగు నగరాల్లోనూ బాగా నాటుకున్నాయి. ఎవరైనా రాగానే సెక్యూరిటీ అతను ఫొటో తీసి పంపుతాడు, ఇంట్లోవాళ్లు ఫోనులో ఒప్పుకుంటే గేటు తెరుచుకుంటుంది. సౌకర్యమే. ముసలి తల్లిదండ్రులకు ఫోను నొక్కడం రాకపోతే డాలస్‌లో ఉన్న కొడుకు నంబరు ఇస్తారు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటి గంటకు మందులు తెచ్చిన కుర్రాడి కోసం అక్కడ అర్ధరాత్రి దాటాక ఫోను మోగుతుంది. కొడుకు నిద్రలో ఉంటాడు. మందులు గేటు దగ్గర ఆగిపోతాయి. మూడో అంతస్తులో తండ్రి చక్కెర బిళ్ల కోసం చూస్తుంటాడు.

ఈ ఫొటోలు, ఫోను నంబర్లు ఎక్కడికి పోతున్నాయి, ఎన్నాళ్లు ఉంటున్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. మరుసటేడు సెప్టెంబరు 26న వచ్చిన ఆధార్ తీర్పు, ప్రైవేటు సంస్థలు ఆధార్ కోసం పట్టుపట్టడానికి ఆసరాగా ఉన్న సెక్షన్ భాగాన్ని కొట్టేసింది. అయినా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల ఆధార్ జిరాక్సులు ఎన్ని అసోసియేషన్ ఆఫీసుల్లో తాళం లేని బీరువాల్లో పడి ఉన్నాయో! గుర్తింపు కావాలనుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, ఓటరు కార్డు ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, అవసరమైనంతే తీసుకోవాలి, పని అయిపోయాక చెరిపేయాలి అన్నది దాని సారం. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. అసోసియేషన్ సెక్రటరీలు చదివి ఉంచుకోవాల్సిన చట్టం అది.

యాప్ తెచ్చిన మార్పుల్లో అన్నిటికంటే బరువైనది పనిచేసే ఆడవాళ్ల మీద పడింది. ఆరున్నరకు లోపలికి నంబరు కొట్టిన మనిషి నాలుగు ఇళ్లలో అంట్లు, బట్టలు, చీపురు ముగించుకుని పన్నెండింటికి బయటపడుతుంది. ఆమె ఎన్నింటికి వచ్చింది, ఏ బ్లాకులోకి వెళ్లింది, ఎన్ని రోజులు నాగా పెట్టింది అంతా నాలుగు ఇళ్లవాళ్ల ఫోన్లలో కనిపిస్తుంది. ఆమె ఫోనులో కనిపించేది ఏమీ లేదు. ఏ ఇంటివాళ్లు జీతం ఆలస్యం చేస్తారో, ఏ ఇంట్లో మాట దురుసో రాయడానికి ఆమెకు గడి లేదు. ఆ నాలుగు ఇళ్లలో ఒక ఇంటామెకు కోపం వచ్చి గేటుకు ఫోను చేసి "రేపటి నుంచి ఈవిడను పంపొద్దు" అంటే నంబరు మూసేస్తారు. పోయేది ఒక ఇంటి పని అనుకుంటారు గానీ, గేటే మూసుకుపోయాక మిగతా మూడు ఇళ్ల పనీ పోతుంది. పొద్దున్న చిన్న గేటు ముందు బతిమాలుతున్న మూడో ఆమె సంగతి అదే. కారణం ఆమెకు ఎవరూ చెప్పలేదు. సెక్యూరిటీ అతనికి తెలియదు. ఫ్యాక్టరీలో మనిషిని తీసేయాలంటే నోటీసు ఇవ్వాలి, విచారణ జరపాలి. ఇక్కడ వేలితో ఒక నొక్కు చాలు. ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కులకు ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వానికి సూచించింది. ఆ చట్టం వచ్చేలోగా అసోసియేషన్లు తమంతట తాము చేయగల పని ఒకటుంది. రాతపూర్వక ఫిర్యాదు లేకుండా, ఆమె మాట వినకుండా ఎవరి నంబరూ మూయకూడదని తీర్మానం చేసుకోవడం. దానికి పైసా ఖర్చు లేదు.

నమ్మకం పూర్తిగా తెగిపోతే ఏమవుతుందో నోయిడా చూసింది. 2017 జూలై 12 ఉదయం అక్కడి సెక్టార్ 78లో పెద్ద టవర్ల సముదాయం గేటు మీదికి వందల మంది వచ్చిపడ్డారు. ముందురోజు పనికి వెళ్లిన మహిళ రాత్రి ఇల్లు చేరలేదు. దొంగతనం చేసిందని పనికి పెట్టుకున్నవాళ్ల ఆరోపణ, లోపల నిర్బంధించారని ఆమె కుటుంబం ఆరోపణ. ఎదురుగా ఉన్న రేకుల బస్తీ నుంచి వచ్చిన జనం గేటు తోసుకుని లోపలికి చొరబడ్డారు, రాళ్లు రువ్వారు, అద్దాలు పగిలాయి. ఆ తర్వాత అరెస్టులు, ఆ బస్తీవాళ్లను పనికి రానివ్వబోమన్న తీర్మానాలు. గోడకు ఇవతలి మనుషులు రోజూ అవతలి ఇళ్లలో వంట వండి, ఆ ఇళ్ల పిల్లలను ఎత్తుకుని తిరిగినవాళ్లే. రాత్రి పూట మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చిన భర్తకు గేటు దగ్గర నమ్మదగిన జవాబు ఇచ్చే మనిషి ఉండి ఉంటే తెల్లారి అంత దూరం వెళ్లేదా అన్న ప్రశ్న మిగిలిపోయింది. ఖాళీగా వదిలేసే "వెళ్లిన టైము" గడి అందుకే ముఖ్యం.

కరోనా రోజుల్లో గేటు అధికారం ఎంతదాకా పెరగగలదో అందరూ చూశారు. పనివాళ్లు వద్దు, పేపరు వద్దు, చుట్టాలు వద్దు, ఆఖరికి ఆసుపత్రిలో పనిచేసే నర్సు కూడా వద్దు. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ నివాస సముదాయాల కోసం ప్రత్యేకంగా సూచనలు విడుదల చేసింది. ఇంటిపనివాళ్లు, కార్లు తుడిచేవాళ్లు, డెలివరీ మనుషులను రోజూ గేటు దగ్గర పరీక్షించి పంపమని అందులో ఉంది. పరీక్షించమన్న చోట నిషేధించారు. జబ్బు తగ్గాక కూడా ఆ నిషేధాల్లో కొన్ని అలవాటుగా మిగిలిపోయాయి. డెలివరీ కుర్రాడు గేటు బయటే ఆగాలన్న రూలు చాలాచోట్ల అప్పటి నుంచి వచ్చినదే.

ఇన్ని రూళ్లనూ మోసేది గేటు దగ్గరి మనిషి. చిన్న అపార్టుమెంటులో అతను పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో కుటుంబంతో వచ్చిన వాచ్‌మన్, సెల్లారు మూల గదిలో కాపురం. పెద్ద సముదాయాల్లో ఏజెన్సీ యూనిఫారం వేసుకున్న ఒడిశా, బిహారు కుర్రాడు, పన్నెండు గంటల డ్యూటీ. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలని మాదిరి నియమాలు చెబుతాయి. ఎన్ని గేట్ల దగ్గర ఆ సర్టిఫికెట్టు అడిగి చూశారు? యూనిఫారం వేసుకున్నంత మాత్రాన అతను పోలీసు కాడు. వచ్చినవాళ్ల సంచి బలవంతంగా విప్పే అధికారం, ఫోను లాక్కునే అధికారం అతనికి లేవు. కానీ అతని పరిస్థితి చూడండి. ఆపితే ఫ్లాటాయన తిడతాడు, వదిలితే కమిటీ జీతం కోస్తుంది. భాష సరిగా రాని ఊళ్లో, రాతలో లేని రూలును, తనకంటే పెద్ద కారులో వచ్చినవాడికి చెప్పాలి. గేటు దగ్గర చెయ్యి చేసుకున్న వీడియోలు ఎన్నో వచ్చాయి, వాటిలో దెబ్బ తినేది ఎక్కువగా ఇతనే.

గోడ లోపలి సంగతి ఇలా ఉంటే, గోడ ఎక్కడ కట్టారన్నది ఇంకో తగువు. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లు, ఖాళీ స్థలాలు స్థానిక సంస్థకు రాసిచ్చేవే. ఆ రోడ్డుకు అడ్డంగా గేటు పెట్టి "మా కాలనీ" అనడం చెల్లదు. వెనక కాలనీవాళ్లు బడికో బస్టాపుకో రెండు కిలోమీటర్లు చుట్టు తిరగాల్సి వస్తుంది. హైదరాబాదులో 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చెరువుల ఆక్రమణలతో పాటు ఇలాంటి గోడల మీదా ఫిర్యాదులు తీసుకుంది. ప్రజల రోడ్డును మూసేస్తూ కట్టిన ప్రహరీలను పలుచోట్ల కూల్చింది. ఒక గోడ పడిన రోజున రెండు కాలనీల జనం అటూ ఇటూ నిలబడి చూశారు. ఒక పక్క చప్పట్లు, ఒక పక్క శాపనార్థాలు. శాపనార్థాలు పెట్టినవాళ్లకూ ఒక బాధ ఉంది. దారి తెరుచుకోగానే అడ్డదారి బళ్లు జోరుగా వస్తాయి. దానికి మందు వేగనిరోధకాలు, వీధి దీపాలు. గోడ కట్టి ఊరి దారి మూయడం మందు కాదు.

నిప్పు అంటుకున్న రోజున గేటు వేరే రకంగా పరీక్షకు నిలబడుతుంది. ఫైరింజను తిరగడానికి వీలుగా ప్రధాన ద్వారం కనీసం 6 మీటర్ల వెడల్పు ఉండాలనీ, గేటు తలుపులు ప్రహరీకి ఆనుకునేలా పూర్తిగా వెనక్కి తెరుచుకోవాలనీ జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఇప్పుడు ఆ 6 మీటర్లలో ఒక పక్క సెక్యూరిటీ గది, ఒక పక్క అడ్డకర్ర స్తంభం, మధ్యలో పూలకుండీల దిమ్మె. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది ప్రాణాలు తీసిన అగ్నిప్రమాదం పాత ఇంట్లో జరిగింది, గేటెడ్ సముదాయంలో కాదు. లోపలికి పోయే దారీ మెట్లూ ఇరుకు కావడం ఎంత ప్రాణాంతకమో అక్కడ అందరూ చూశారు. 108 అంబులెన్సు హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇరవై ఏళ్లుగా ఊరంతా దారి ఇస్తున్న ఆ బండిని గేటు దగ్గర ఫ్లాట్ నంబరు అడిగి, ఇంటర్‌కమ్ చేసి, యాప్‌లో ఒప్పుదల కోసం ఆపకూడదు. సైరను వినగానే అడ్డకర్ర ఎత్తాలన్న ఒక్క వాక్యం సెక్యూరిటీ గది గోడ మీద తెలుగులో, హిందీలో పెద్దక్షరాలతో రాసి ఉండాలి. గార్డు చదవగలిగే భాషలో ఉండాలి.

సంగతి తెలిసిన అసోసియేషన్లు లేకపోలేదు. పని మీద వచ్చేవాళ్ల కోసం గేటు పక్కన సిమెంటు బల్ల వేయించి, పైన రేకు కప్పి, కుళాయి పెట్టించినవి ఉన్నాయి. కుర్చీ, ఫ్యాను, బాత్రూము గార్డుకు ఇచ్చినవి ఉన్నాయి. ఫ్లాటువాళ్లు ఫోను ఎత్తకపోతే అరవై ఏళ్లు దాటినవాళ్లను, పసిపిల్లలతో వచ్చినవాళ్లను లోపల నీడలో కూర్చోబెట్టవచ్చని గార్డుకు ముందే స్వేచ్ఛ ఇచ్చినవి ఉన్నాయి. ఆ కాస్త స్వేచ్ఛ రాసి ఇస్తే చాలు, గార్డు ముఖం మారిపోతుంది. కేకలు సగం అక్కడే తగ్గుతాయి.

చాలా అసోసియేషన్లలో మార్చితో లెక్కలు మూసి, ఆ తర్వాత జనరల్ బాడీ పెడతారు. గేటు రూళ్లు చర్చకు వచ్చేది అప్పుడే. ఆ హాల్లో కూర్చునేది యజమానులు. అద్దెకున్నవాళ్లకు చాలాచోట్ల ఓటు లేదు. పనిమనిషి, డెలివరీ కుర్రాడు, గార్డు ఆ గదిలో ఉండరు, ఉన్నా టీ కప్పులు అందించడానికే. వాళ్లను పిలిచి అరగంట మాట్లాడించమంటే నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వినా సరే పిలవాలి. అది కుదరకపోతే కమిటీ సభ్యులు ఒక్క ఉదయం స్టిక్కరు ఉన్న కారు లోపలే వదిలి, మెయిన్ రోడ్డు మీద ఆటో దిగి, ముఖం తెలియని గార్డు డ్యూటీలో ఉన్న వేళ చిన్న గేటు దగ్గరికి నడిచి రావాలి. పేరు రాయాలి, ఫొటో దిగాలి, ఇంటర్‌కమ్ మోగుతున్నంతసేపూ నిలబడాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ టైమును మినిట్స్ పుస్తకంలో రాయాలి.

పొద్దున్న వచ్చిన పెద్దాయనకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కూతురు ఫోను ఎత్తి, పరుగున కిందికి దిగి వచ్చింది. గార్డు కుర్రాడు మామిడిపళ్ల పెట్టె భుజాన పెట్టుకుని లిఫ్టు దాకా మోశాడు. రెండు లిఫ్టుల ముందు ఆగి పెద్దాయన కూతురి వంక చూశాడు.

"మనం ఏది ఎక్కాలమ్మా?"